నమస్కారానికి వంగినప్పుడు పడిన దెబ్బ

నమస్కారానికి వంగిన మనిషిని కొట్టకూడదు. నన్ను అలాగే కొట్టారు.

నాకు డెబ్బై దాటాయి. మల్కాపురంలో కర్రసాము నేర్పేవాణ్ణి. సగం గురువు దగ్గర, సగం నా అంతట నేనే పట్టుకున్న విద్య. మనవరాలు లలిత పోటీలకు వెళ్తుంది. అక్కడ మణికట్టు తాకితే పాయింటు, మోకాలి మీద కొడితే తప్పు. "అది సామేటి, కోలాటం! నిజం గొడవలో ముందు మోకాలిరగ్గొట్టాల" అని ఎప్పుడూ దెప్పేవాణ్ణి.

పోయిన వేసవిలో ఓ సాయంత్రం పక్కింటి పైడమ్మ ఏడుస్తూ మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. వెనకాలే ఆమె మొగుడు అప్పలరాజు, తాగి, ఇనుప గొట్టంతో వచ్చాడు.

"తప్పుకోరా ముసలోడా!" అన్నాడు.

నేను కర్ర తీసి, అలవాటు ప్రకారం నేల తాకి దండం పెట్టడానికి వంగాను. గొట్టం నా భుజం మీద పడింది. కళ్లు బైర్లు కమ్మాయి. తాగినవాడు దండం అయ్యేదాకా ఆగడని నాకు ఏ గురువూ చెప్పలేదు. రెండో దెబ్బ తలకే అనుకున్నాను.

లలిత నా కర్ర లాక్కుని వాడి మణికట్టు మీద ఒక్కటి వేసింది. గొట్టం జారిపోయింది. వీధివాళ్లు వాణ్ణి పట్టుకున్నారు.

కట్టు కట్టించుకుని వచ్చినా నా కోపం చల్లారలేదు. "అందిన మోకాలు ఎందుకొగ్గేసినావే?" అని నిలదీశాను. నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది:

"మోకాలిరిగితే ఆడ్ని మంచంలో ఎట్టుకుని సాకాల్సింది ఎవులు తాతా? పైడమ్మత్తే కదేటి!"