చిన్నాయన గీసిన గువ్వ

పోయిన వారం మా చిన్నాయన చనిపోయాడు. ప్రొద్దుటూరులో మా ఫ్లెక్సీ షాపుకు వచ్చినవాళ్లందరికీ ఆయన తెలుసు కాబట్టి ఈ నాలుగు ముక్కలు. నిజం చెప్పాలంటే రాసే ఓపిక లేదు. ఆసుపత్రి నుంచి చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఎవరిదో లోగో చుట్టూ ఉన్న తెల్లరంగు తుడుస్తున్నాను. "మీ చిన్నాయన లేడు పాపా" అంది. చేతిలో మౌస్ వదిలిపెట్టడం కూడా తోచలేదు.

ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. జమ్మలమడుగు నుంచో పులివెందుల నుంచో ఎవరో వస్తారు, ఫోన్ చాపుతారు. అందులో వాట్సాప్‌లో అందరి చేతులూ మారి వచ్చిన లోగో ఉంటుంది. దాన్ని షాపు పైన నిలువెత్తు బోర్డు చేయాలి. చిన్నాయన ఆ బొమ్మను గళ్లుగళ్లుగా విడిపోయేదాకా పెంచి, స్క్రీన్ వాళ్ల వైపు తిప్పేవాడు.

"చూడప్పా, ఇది లోగోనా, గళ్ల లుంగీనా?"

వాళ్లు నవ్వేవాళ్లు. ఆయన మాత్రం నవ్వకుండా దాన్నంతా మళ్లీ గీతలుగా గీయడానికి కూర్చునేవాడు. గీతలతో చేసిన ఫైలును గోడంత పెంచినా చెడదు. దాన్ని బోర్డుకు, వెనక రంగు లేని పీఎన్‌జీని పాంప్లెట్లకు, వెనక తెల్లరంగు ఉండే జేపీజీని వాట్సాప్‌లో పంపుకోవడానికి ఇచ్చేవాడు.

పులివెందుల పాలడెయిరీ ఆయన ఒకసారి విసుక్కున్నాడు. "ఒక్క లోగోకు ఇన్ని ఫైళ్లేందప్పా?"

"చేనికీ పెండ్లికీ ఒకటే గుడ్డ కట్టుకోని పోతావా మామా?"

డెయిరీ ఆయన విన్నాడా? పచ్చ పాంప్లెట్ల మీద జేపీజీయే వేయించుకున్నాడు. లోగో చుట్టూ తెల్ల డబ్బా. ఆయన లోగో ఒక పాలక్యాను. "క్యానుకు పంచె ఏంటికి కట్టినావు మామా?" అని చిన్నాయన గొణుక్కుంటూనే మళ్లీ చేసిచ్చాడు. వచ్చినవాళ్లకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుడుతుంటే, "వాళ్లకే తెలిసింటే మన దగ్గరికి ఏంటికి వస్తారు పాపా?" అనేవాడు. ఇప్పుడు ఆ ఫోన్లన్నీ నాకే చాపుతున్నారు.

బజారువాళ్లు షాపు ముందు సంతాపం ఫ్లెక్సీ కట్టాలన్నారు. చేయాల్సింది నేనే. చిన్నమ్మ ఒక్కటే అడిగింది. "మీ చిన్నాయన మొగం పెద్దగా రావాల పాపా. రోడ్డు ఆ చివర్నుంచి కనపడాల."

ఫోటో అంటేనే పక్కకు తప్పుకునే మనిషి ఆయన. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఎవరి పెళ్లిలోనో వెనక వరుసలో నిలబడినది, అదీ వాట్సాప్‌లో వచ్చినదే. పెంచాను. గళ్లు. లోగో అయితే మళ్లీ గీస్తాను, మనిషి ముఖాన్ని ఏమని గీయను? ఫోటోలు బాగుచేసే యాప్‌లో పెట్టి చూశాను. కళ్లూ మీసమూ నున్నగా వచ్చాయి. చిన్నమ్మ చాలాసేపు చూసి, "ఎవరు పాపా ఈయప్ప?" అంది. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

యాప్ చేసిన ఆ ఫోటో తీసేశాను. షాపు పెట్టిన కొత్తలో ఆయన గీసుకున్న లోగో కంప్యూటర్‌లో ఉంది, ఒకే గీతతో గీసిన గువ్వ. ఎంత పెంచినా అంచు చెదరలేదు. ఫ్లెక్సీ నిండా దాన్నే పరిచి, ఆ పెళ్లి ఫోటోలోని ముఖాన్ని అది తట్టుకునేంతే, అరచేయంత, కింద మూలన పెట్టాను.

కట్టాక చిన్నమ్మా నేనూ రోడ్డు ఆ చివర నిలబడి చూశాం. గువ్వ స్పష్టంగా కనపడుతోంది.

"మొగం యాడుండాది?"

"దగ్గరికి పోవాల చిన్నమ్మా."

ఆటోలు పోయేదాకా ఆగి, కొంగు సర్దుకుని రోడ్డు దాటింది. వంగి, ఫ్లెక్సీకి ముక్కు ఆనేంత దగ్గరగా పోయి, అక్కడే ఉండిపోయింది.