ఎడమ చెవి కుషన్

దయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు నేను నమ్మను. నమ్మనని నలుగురిలో చెప్పుకోవడం కూడా నాకు ఇష్టమే. మా అమ్మగారింట్లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "దాని ఫోన్ నంబరు ఉందా?" అని అడిగి కథ చెడగొట్టేది నేనే. పెళ్లయ్యాక అత్తగారింట్లోనూ నాకు అదే పేరు నిలబడింది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి "ఈమెకు మొదటి నుంచీ ఇలాంటి పిచ్చి ఉందేమో" అని ఎవరూ అనుకోకూడదు.

నాది చెవులతో పని. ఇబ్రహీంపట్నంలో, శేరిగూడ వైపు వెళ్లే రోడ్డు మీద హెడ్‌ఫోన్లు బాగుచేసే చిన్న షాపు నడుపుతున్నాను. చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, కాబట్టి గిరాకీకి కొదవ లేదు. తెగిన వైర్లు అతుకుతాను, తల మీదుగా వచ్చే విరిగిన బద్దలు మారుస్తాను. కానీ నా పనిలో ముప్పాతిక కుషన్లే. చెవి చుట్టూ ఆనుకునే ఆ గుండ్రటి మెత్తలనే అందరూ కుషన్లంటారు.

పిల్లలు వచ్చి, "అక్కా, స్పీకర్ ఖరాబైంది, బేస్ వస్తలేదు" అంటారు. చూస్తే స్పీకర్ నిక్షేపంలా ఉంటుంది. చెడిపోయింది కుషన్. రెగ్జిన్ పొట్టు లేచి, లోపలి స్పాంజి అప్పడంలా అణిగిపోయి ఉంటుంది. గాలి బయటికి పోయే సందు ఏర్పడితే డప్పు చప్పుడు ముందు పోతుంది, కీచుగొంతు మిగులుతుంది. కుషన్లు మార్చి ఇస్తే, "కొత్తదాని లెక్క ఉందక్కా!" అని మురిసిపోతారు. కొత్తదేమీ కాదు నాయనా, చెవికీ స్పీకరుకీ మధ్య ఉన్న గుడ్డ మారిందంతే.

రెగ్జిన్ అయితే చెవిని గట్టిగా మూసేస్తుంది. బయటి గోల రాదు, బేస్ నిండుగా ఉంటుంది. కానీ గంట దాటితే చెవులు ఉడికిపోతాయి, మన ఎండల్లో అయితే చెమట కారుతుంది. వెల్వెట్ చల్లగా, మెత్తగా ఉంటుంది, మాట తేటగా వినపడుతుంది, బేస్ మాత్రం కొంచెం తగ్గుతుంది. నూలు గుడ్డ చర్మానికి అన్నిటికంటే హాయి. కానీ అది జల్లెడ. లోపలి చప్పుడు బయటికి, బయటిది లోపలికి వస్తుంది. ఈ నూలు సంగతి గుర్తుపెట్టుకోండి, దానితోనే పని పడుతుంది.

ఇక మా అత్తమ్మ. మా ఆయన ప్రభాకర్‌కి తల్లి, పేరు రాహేలమ్మ. వయసులో ఉన్నప్పుడు రైస్ మిల్లులో చెరుగుడు పని చేసింది. మనిషి గట్టి, మాట ఇంకా గట్టి. ఏడాదిన్నర కింద ఒకరోజు బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, "నా ఎడమ చెవుల ఎవలో చెరుగుతున్నరే" అంది.

మొదట నవ్వుకున్నాం. ఆమె ఆపలేదు. తింటున్నా, పడుకున్నా చెరచెరమని చాటలో బియ్యం చెరిగిన చప్పుడే అంది. దవాఖానకు తీసుకెళ్లాం. చెవిలో ఏ లోపమూ లేదని, వయసు మీద పడితే ఇలాంటి చప్పుళ్లు మామూలేనని, అలవాటు పడాలని చెప్పారు. పాస్టరుగారు ఇంటికొచ్చి చెవికి నూనె రాసి ప్రార్థన చేశారు. చప్పుడు పోలేదు. చివరికి ఆమె పాత నూలు చీర ముక్క ఒకటి చించుకుని, ఎడమ చెవి మీదుగా తలకు కట్టుకోవడం మొదలుపెట్టింది. దాంతోనూ తగ్గలేదు. అయినా ఉతకడానికి తప్ప విప్పలేదు.

నా నోరు మంచిది కాదు. ఒకరోజు పని మీద ఉన్నప్పుడు ఆమె మళ్లీ మొదలుపెడితే, "నీ చెవిలో చెరిగే ఆమెకు కూలి ఎవరిస్తున్నారు అత్తమ్మా?" అన్నాను. ప్రభాకర్ కూడా నవ్వాడు. ఆమె మాత్రం నా మొహం చూసి, "మీకు ఇనస్తలేదు గని, నేనైతే అబద్ధమాడుతలేను" అంది.

తరువాత ఆ మాట ఎత్తడమే మానేసింది. దాంతో పాటు మిగతా మాటలూ తగ్గాయి. ఆదివారం చర్చికి రావడం మానేసింది. అన్నం సగం తిని చేయి కడుక్కునేది. ఆమెకు మందు అక్కర్లేదు, ఒక్క మనిషి "నిజమే" అంటే చాలు. అది నాకు తెలుసు. తెలిసీ అనలేదు. లేని చప్పుడును ఉందని ఎలా అంటాను? అబద్ధం చెప్పినట్టు కాదా? ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

అలా ఉండగా బొంగులూరు వైపు నుంచి ఒక లెక్చరర్ మేడం షాపుకు వచ్చింది. ఆన్‌లైన్ పాఠాలు రికార్డు చేస్తుందట. పొద్దంతా హెడ్‌ఫోన్ పెట్టుకుని చెవుల వెనక చర్మం ఎర్రగా కమిలిపోయింది. రెగ్జిన్ పడలేదు, వెల్వెట్ పెడితే దురద. "నూలు గుడ్డతోని కుట్టిస్తవా? సౌండ్ జర తగ్గినా ఫికర్ లేదు" అంది. సరేనన్నాను.

కొత్త నూలు గరుకుగా ఉంటుంది. ఉతికి ఉతికి నలిగిన గుడ్డయితేనే చెవికి హాయి. అందుకే ఇంట్లో పాత నూలు గుడ్డలన్నీ ఒక సంచిలో వేసి ఉంచుతాను. ఆ రోజు పొద్దున దండెం మీది బట్టలు తీస్తుంటే నీలం అంచు ఉన్న ముక్క ఒకటి చేతికి తగిలింది. వెన్నలా ఉంది. ఏ చీర ముక్కో అనుకుని సంచిలో వేసుకుని షాపుకు తెచ్చాను. గుండ్రంగా కత్తిరించి, లోపల కొత్త స్పాంజి పెట్టి రెండు కుషన్లు కుట్టాను. పాట పెట్టి విన్నాను. బేస్ అనుకున్నట్టే తగ్గింది, మాట తేటగా ఉంది. రోడ్డు గోలలో ఇంకేమీ గమనించలేదు. మేడం సాయంత్రం వచ్చి తీసుకెళ్లింది.

రెండు రోజుల తర్వాత ఆమె తిరిగొచ్చింది. చెవులకు మస్తు హాయిగా ఉందట. "గని ఎడమ దిక్కు ఏందో చప్పుడొస్తుంది చూడు" అని హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టింది.

ఎలాంటి చప్పుడని అడిగాను. "నవ్వకు. ఎవలో బియ్యం చెరుగుతున్నట్టుంటది. నడుమ నడుమ ఉఫ్ అని ఊదుతున్నట్టుంటది" అంది.

నాకు నవ్వు రాలేదు. మా అత్తమ్మ ఎవరో ఈమెకు తెలియదు. మా ఇల్లు ఎక్కడో కూడా తెలియదు.

మేడం వెళ్లిపోయాక షట్టర్ సగం దించి వినడానికి కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాను కూడా ఆగిపోయింది. వైరు దేనికీ తగిలించలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఊపిరి బిగబట్టాను. కుడివైపు ఏమీ లేదు. ఎడమవైపు, ఎక్కడో పక్క గదిలో ఉన్నంత దూరంగా, చెర... చెర... చెర. తరువాత ఆగింది. తరువాత ఒక చిన్న ఊదు.

చెప్పాను కదా, నూలు జల్లెడ లాంటిది, బయటి చప్పుడు రావచ్చు. హెడ్‌ఫోన్ తీసి విన్నాను. బయట రోడ్డు మీద ఆటోలు తప్ప ఏమీ లేదు. చెవిని ఏ డబ్బాతో మూసినా హోరు వస్తుంది, అదీ తెలుసు. కానీ హోరు ఆగి ఆగి రాదు. ఆ కుషన్ తీసి రెగ్జిన్ది వేశాను, చప్పుడు లేదు. వెల్వెట్ది వేశాను, లేదు. నూలుదాన్ని కుడివైపుకు మార్చాను. చప్పుడు కుడివైపుకు వచ్చింది. అంటే స్పీకరులో లేదు, వైరులో లేదు. గుడ్డలో ఉంది. రెండో కుషన్ కూడా అదే గుడ్డది, కానీ దాన్ని ఏ వైపు పెట్టినా ఏమీ లేదు.

కుషన్ కుట్టు విప్పి చూశాను. లోపలికి మడిచిన చోట నీలం అంచు కనబడింది. అప్పుడు గుర్తొచ్చింది. రెండు రోజులుగా అత్తమ్మ ఇల్లంతా వెతుకుతోంది, "నా చెవిగుడ్డ ఎటుపాయె?" అని. "నాకేం తెలుసు?" అని నేనే జవాబు చెప్పాను. కళ్లముందు రోజూ ఆమె తలకు చూసిన గుడ్డను నేను గుర్తుపట్టలేదు. ఆమె మాటలు పెడచెవిన పెట్టడమే కాదు, ఆమె వైపు సరిగ్గా చూడటం కూడా ఎప్పుడో మానేశానన్నమాట.

కుట్టు మళ్లీ వేసి, షాపు మూసి, హెడ్‌ఫోన్ సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లాను. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. తలకు ఇంకో గుడ్డ కట్టుకుంది. పక్కన కూర్చున్నాను. ఊదడం గురించి నేను ముందు ఎత్తకూడదని గట్టిగా అనుకున్నాను.

"అత్తమ్మా, నీ చెవుల చెరుగుడు ఒక్కటేనా, ఇంకేమన్న ఉన్నదా?" అని మాత్రం అడిగాను.

"ఎందుకు? మల్ల నవ్వనీకా?"

"నవ్వ. చెప్పు."

ఆమె నేల చూస్తూ చెప్పింది. "చెరుగుతది. ఆగుతది. ఆగి ఊదుతది. గది మీకు చెప్పలే. చెప్తే ఇంకింత నవ్వుతరని."

ఎవరు ఊదేదని అడిగాను.

"మిల్లుల మా అక్క నా ఎడమ దిక్కు కూసునేది. నా కంట్ల ఊక పడితే చాట కింద పెట్టి ఊదేది. అక్క పోయి మస్తేండ్లాయె. ఇప్పుడు గిది అక్కనో, నా చెవే ఖరాబైందో, ఎవలకెర్క?"

"నేను గూడ ఇన్న అత్తమ్మా. గట్లనే. చెరుగుడు, ఆగుడు, ఊదుడు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చూసింది. ఆటపట్టిస్తున్నానేమోనని చూసింది. నా మొహంలో ఏం కనబడిందో గానీ, చీర కొంగుతో మూతి తుడుచుకుని, "అన్నం తిన్నవా బిడ్డా?" అంది. పెళ్లై ఇన్నేళ్లలో నన్ను బిడ్డా అనడం అదే మొదలు. లేచి అన్నం వడ్డించింది. వడ్డిస్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, పప్పు కారంగా ఉందని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఆ రాత్రి ప్రభాకర్ కొంగరకలాన్‌లో డ్యూటీ ముగించుకుని వచ్చాక హెడ్‌ఫోన్ అతనికీ పెట్టాను. "ఏందో గాలి లెక్క వస్తుంది, అంతే" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి అదీ రాస్తున్నాను. కానీ మళ్లీ తల్లిని చూసి నవ్వలేదు.

మేడం కుషన్లకు వేరే గుడ్డ వెతికి, మరుగుతున్న నీళ్లలో ఉడకబెట్టి మరీ కుట్టి ఇచ్చాను. వాటిలో ఏ ఇబ్బందీ లేదని చెప్పింది. ఆ నీలం అంచు కుషన్‌ను మాత్రం షాపులో మూలన పడున్న ఒక పాత హెడ్‌ఫోన్‌కు ఎక్కించాను. గుడ్డ అత్తమ్మది, ఆమెకే ఇచ్చేయాలి కదా.

ఇస్తే ఆమె పెట్టుకుంది. నాకు భయమేసింది. ఉన్న చప్పుడుకు ఇంకో చప్పుడు తోడైతే? ఆమె కళ్లు మూసుకుని అలాగే కూర్చుంది. నిమిషమైంది. భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"బందైంది" అంది.

నమ్మలేక అన్నీ మార్చి చూశాను. రెగ్జిన్ పెడితే ఆమెకు చప్పుడు ఉంది. వెల్వెట్ పెడితే ఉంది. అదే గుడ్డను ఇన్ని నెలలు తలకు కట్టుకున్నా తగ్గలేదు. కుషన్‌గా కుట్టి ఎడమ చెవికి పెడితే మాత్రం ఆగిపోతుంది. గుడ్డలు ఏవి ఎలా పనిచేస్తాయో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఒకరికి చప్పుడు వినిపించి, అదే చప్పుడును ఇంకొకరికి ఆపే గుడ్డను నేను చూడలేదు. తెలిసినవాళ్లను అడిగాను. ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

ఇప్పుడు అత్తమ్మ చర్చికి వస్తోంది, కడుపునిండా తింటోంది. రోజూ మధ్యాహ్నం నా షాపులో కుర్చీ వేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటుంది. వైరు ఒళ్లో వేలాడుతూ ఉంటుంది. కాలేజీ పిల్లలు, "అవ్వా, ఏం పాటలింటున్నవ్?" అని ఆటపట్టిస్తారు. "పాటల్లేవు బిడ్డా, ఏం లేవు" అంటుంది, పండగ వచ్చినంత సంతోషంగా. అలాగే కునుకు తీస్తుంది.

ఆమె లేచాక దాన్ని తీసి మేకుకు తగిలిస్తుంది. అప్పుడప్పుడు, గిరాకీ లేనప్పుడు నేను పెట్టుకుంటాను. చప్పుడు ఇంకా ఉంది. అదేమిటో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ చెరుగుడు ఆగి ఆ చిన్న ఊదు వచ్చినప్పుడు, నేను వద్దనుకున్నా సరే, నా ఎడమ కన్ను మూసుకుంటుంది.