టీవీలో ఏడ్చిన పెళ్లికొడుకు

నేను నర్సుని. ఆపరేషన్‌కు ముందు ఏమైనా తిన్నారా అని అడిగితే లేదంటారు, నోరు తెరిస్తే ఇడ్లీ వాసన వస్తుంది. మాత్రలు వేసుకున్నారా అంటే వేసుకున్నామంటారు, దిండు ఎత్తితే మాత్రలు అక్కడే ఉంటాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. మనిషి చెప్పింది రాసుకోవాలి, ఆ తర్వాత దిండు ఎత్తి చూడాలి. ఇంట్లోవాళ్లు నన్ను శంకల మనిషి అంటారు. అననీ.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నేను నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో చేసేదాన్ని. ఆడవాళ్ల వార్డులో గోడకు ఒక టీవీ ఉండేది. ఆదివారం మధ్యాహ్నం పెద్ద డాక్టరు రారు కాబట్టి పేషెంట్లు, ఆయాలు, నర్సులు అందరం ఒక షో చూసేవాళ్లం. పెద్ద బంగ్లా. అందులో ఒక అమ్మాయి, ఆమెను పెళ్లాడతామని వచ్చిన పన్నెండు మంది అబ్బాయిలు. వారం వారం ఆమె తనకు నచ్చినవాళ్ల చేతికి మల్లెదండ కడుతుంది. దండ దక్కనివాడు పెట్టె సర్దుకొని కారెక్కి వెళ్లిపోవాలి. ఆ కారులో కూడా కెమెరా ఉంటుంది. ఎక్కడో పరాయి దేశంలో ఏళ్ల తరబడి నడిచిన షోని తెచ్చి, మల్లెపూలు చుట్టి మనకు పెట్టారని చూడగానే తెలిసిపోయేది.

నేను ఒక్క ముక్క నమ్మేదాన్ని కాదు. ఆ అమ్మాయి పొద్దున నిద్ర లేచేసరికే కాటుక చెదరకుండా ఉండేది. ఇద్దరే ఉన్నారని చెప్పే గదిలో వాళ్ల నీడలు నాలుగు దిక్కులా పడేవి. అంటే చుట్టూ లైట్లు పట్టుకున్నవాళ్లు ఉన్నారన్నమాట. నేను ఇవన్నీ ఎత్తి చూపిస్తుంటే, కడుపులో రాళ్లతో చేరిన ఒక అవ్వ విసుక్కునేది. "నువ్వు జర సూడనియ్యి నర్సమ్మ, నీ శంకలు నీ ఇంటికాడ పెట్టుకో" అనేది.

ఆ పన్నెండు మందిలో ఆలేరు అతను ఒకడు. రైలు స్టేషన్ దగ్గర, పొలాలకు వేసే డ్రిప్పు పైపుల షాపు అని చెప్పుకున్నాడు. మిగతావాళ్లలా చొక్కా విప్పి తిరగలేదు, కవిత్వం చెప్పలేదు. ఒక వారం అతనికి దండ దక్కలేదు. ఆ అమ్మాయికి నమస్కారం పెట్టి, ఒక్క మాట అనకుండా కారెక్కాడు. కారు కదిలిన కాసేపటికి ముఖం కిటికీ వైపు తిప్పుకొని ఏడ్చాడు. వార్డంతా ముక్కులు తుడుచుకుంది. నేను సెలైన్ బాటిల్ మార్చే నెపంతో వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఎవరూ చూడలేదు. కానీ నాకు నా మీదే కోపం వచ్చింది. ఇంత తెలిసిన దాన్ని, లైట్లవాళ్ల నీడలు లెక్కపెట్టిన దాన్ని, నేనెలా పడ్డాను?

ఆ షో బాగా ఆడింది. దాంతో దానికి పిల్లలు పుట్టాయి. దండ దక్కనివాళ్లందరినీ, కొత్తగా కొందరు అమ్మాయిలనూ సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో చేర్చి, వాళ్లలో వాళ్లకు జతలు కుదిర్చడం ఒకటి. అతను అందులోనూ రెండు వారాలు కనిపించి, ఎవరి జతా కుదరక వెళ్లిపోయాడు. ఈసారి ఏడవలేదు.

తర్వాత ఏడాది మా మేనత్త నాకొక సంబంధం తెచ్చింది. ఫోటో చూడగానే నా చెవులు వేడెక్కాయి. డ్రిప్పు పైపుల అబ్బాయి.

మా వైపు సంబంధం ఖాయం కావాలంటే ముందు ఆరా తీయాలి. చెప్పి వెళ్తే అందరూ మంచే చెప్తారు కాబట్టి చెప్పకుండా వెళ్లాలి. మా నాయిన ఈ పనికి మా ఊరు కేతేపల్లి చుట్టుపక్కల పేరున్న మనిషి. బర్రెను కొనడానికి వచ్చినట్టు పిల్లవాడి ఊరికి పోతాడు. కొట్టాలు తిరిగి బర్రెల పళ్లు చూస్తాడు, పొద్దుకు ఎన్ని పాలిస్తుందని అడుగుతాడు, ఆ మాటల నడుమ ఇంటి సంగతులు లాగుతాడు. తర్వాత కటింగ్ షాపులో గడ్డం గీయించుకుంటాడు. రెండు ఊళ్ల పని ఒకే రోజు పడితే రెండుసార్లు గీయించుకొని, మండే బుగ్గలతో ఇంటికి వచ్చేవాడు. ఆయన వద్దన్న సంబంధం మంచిదని ఇంతవరకు తేలలేదు. వద్దన్నాక మళ్లీ వెళ్లి చూసేవాళ్లెవరు?

ఆ అబ్బాయి గురించి బాగా ఆరా తీయమని నాయినను పోరు పెట్టింది నేనే. ఆయన పొద్దున వెళ్లి సాయంత్రం బస్సుకు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"పిలగాడు బంగారం బిడ్డా. దిల్లున్నోడు. ఒకనికి చలి పెడుతుంటే తన శాలువ తీసి కప్పిండంట. ఓడిపోయినా ఎవల్ని ఒక్క మాట అనలేదంట."

"గిది ఎవలు చెప్పిండ్రు నాయినా?"

"కటింగ్ షాపాయన."

"ఆయన కండ్లార చూసిండా?"

"చూసిండంట."

"యాడ?"

నాయిన తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "టీవీల" అన్నాడు చిన్నగా.

ఒక్కొక్కటే అడిగాను. కిరాణా షాపాయన చెప్పింది టీవీలోదే. బర్రె యజమాని చెప్పిందీ అదే. ఊరు ఊరంతా ఆ అబ్బాయిని చిన్నప్పటి నుంచి చూసినవాళ్లే, కానీ ఎవరిని అడిగినా షోలో చూసిందే చెప్పారు. వాళ్ల సొంత జ్ఞాపకాలు ఎటుపోయాయో తెలియదు. తన జీవితంలో మొదటిసారి మా నాయిన ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు, ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు.

"టీవీ చూడనోళ్లు ఒక్కలన్న దొరకలేదా?" అని అడిగాను.

"స్టేషన్ కాడ కూరగాయలమ్మే ముసలామె ఉన్నది. ఆమె ఒక్కతే తేడాగ చెప్పింది."

"ఏమని?"

"తల్లి సచ్చిపోయిన్నాడు గూడ గా పిలగాడు కంట్ల నీళ్లు పెట్టలేదంట. వచ్చినోళ్లకు కుర్చీలేసుకుంట తిరిగిండంట."

నాకు కావలసింది దొరికింది. తల్లి పోతే ఏడవనివాడు, నాలుగు వారాల పరిచయమున్న అమ్మాయి దండ కట్టకపోతే ఏడ్చాడు.

పెళ్లిచూపులకు అతను మా ఇంటికి వచ్చాడు. మాట్లాడుకోమని ఇద్దరినీ వడ్ల బస్తాలున్న వసారాలోకి పంపారు. నేను చుట్టు తిప్పకుండా అడిగేశాను.

"మీ అమ్మ పోయిన్నాడు ఏడ్వలేదంట గదా. మరి టీవీల ఎట్ల ఏడ్చిండ్రు?"

అతను బస్తా అంచును వేలితో గీకాడు. తర్వాత చెప్పాడు. "గా దినం టెంటుకు, కుర్చీలకు, కట్టెలకు ఉరికింది నేనే. ఏడ్వనీకి తీరలేదు. కారుల కూసున్నంక కెమెరా పట్టుకున్నాయన అడిగిండు, మీ అమ్మ ఉంటే ఇంటికి పోయి ఏం చెప్తుంటివి అని. గప్పుడొచ్చింది ఏడుపు. వాళ్లు ప్రశ్న తీసేసిండ్రు, ఏడుపు ఉంచుకున్నరు."

నా మనసు కరిగిపోయింది. వెంటనే తమాయించుకున్నాను. ఇది నిజమైనా అయ్యుండాలి, లేదా మంచి జవాబైనా అయ్యుండాలి. రెండూ ఒకే గొంతుతో వస్తాయి. అయినా ఒప్పుకున్నాను. నాయిన చూసి చెప్పాడు కాబట్టి ఒప్పుకుంటున్నా అని మేనత్తతో అన్నాను. అది అబద్ధం. అతను నాకు నచ్చాడు, ఆ ఆదివారం వార్డులోనే నచ్చాడు. అది చెప్పుకోవడానికి సిగ్గు.

పెళ్లయ్యాక ఆలేరుకు మారి, అక్కడే ఒక చిన్న దవాఖానలో చేరాను. మనిషి మంచివాడే. అదే నా బాధ. చెడ్డ పని ఏదైనా చేస్తే పట్టుకొని ఊరుకునేదాన్ని. ఒకసారి మాటల్లో తనే చెప్పాడు, అడగ్గానే జవాబు చెప్పొద్దని, లోపల రెండు లెక్కపెట్టి చెప్పమని షోవాళ్లు నేర్పారట. కత్తిరించి అతికించుకోవడానికి వాళ్లకు ఖాళీ కావాలట. నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన ప్రతి మాట ముందు నేను లెక్కపెట్టడం మొదలైంది. కూర బాగుందా అని అడుగుతాను. ఒకటి, రెండు. బాగుందంటాడు.

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆయన షాపు మూసి పది రోజులు పక్కనే కూర్చున్నాడు. తల దువ్వి జడ వేశాడు. జడ వంకరగా పోతే విప్పి మళ్లీ వేశాడు. నేను జ్వరం కళ్లతో గుమ్మం వైపు చూశాను, ఎవరైనా చూస్తున్నారేమో అని, ఎవరి కోసం చేస్తున్నాడో అని. గుమ్మంలో ఎవరూ లేరు. ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా బుద్ధి మారలేదు.

ఆయనకు తెలుసు. ఒకసారి అన్నం ముందు కూర్చొని అడిగాడు, "నేనేం చేస్తే నమ్ముతవు?"

"నాకు తెల్వది" అన్నాను. అది మాత్రం నిజం. ఈ ఇంట్లో ఆయనకు నా నుంచి కావలసింది ఆ నమ్మకం ఒక్కటే. నాకూ అదే కావాలి. కానీ ఎక్కడి నుంచి తేవాలి?

నిరుడు ఆ షోవాళ్లు ఇంకో కొత్తది మొదలుపెట్టారు. పాత షోలలో ఓడిపోయి, బయట పెళ్లి చేసుకొని స్థిరపడినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూపించడం. ఆయనకు ఇష్టం లేదు. "వద్దని చెప్త" అన్నాడు. నేనే రమ్మనమన్నాను. ఆయన కెమెరా ముందు ఎలా ఉంటాడో కళ్లారా చూస్తే, ఇంట్లో ఎలా ఉంటున్నాడో తేల్చుకోవచ్చు కదా అని. దిండు ఎత్తడమే.

వాళ్లు ఒక వ్యాన్ నిండా వచ్చారు. మంచం జరిపారు, క్యాలెండరు తీసేశారు, పరదాలు మార్చారు. చెవికి మైకు తగిలించుకున్న ఒక అమ్మాయి అందరినీ నడిపించింది. మా నాయిన బర్రె కథ వాళ్లకు తెగ నచ్చింది. ఆయన్ని కేతేపల్లి నుంచి పిలిపించి, ఎవరిదో బర్రెను తెచ్చి, ఆరా తీసినట్టు చేయమన్నారు. ఇన్నేళ్లు ఊళ్లకు ఊళ్లను నమ్మించిన మనిషి ఒక్క మాట తిన్నగా చెప్పలేకపోయాడు. బర్రె పళ్లు చూడబోయి కెమెరా వైపు చూశాడు. ఐదుసార్లు చేయించి వదిలేశారు.

తర్వాత మా ఇద్దరినీ మంచం మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. ముందు ఆయన్ని అడిగారు, మీ ఆవిడ మీద ప్రేమ ఎప్పుడు కలిగింది అని. నేను లోపల లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, ఏడు దాకా వెళ్లింది. మళ్లీ అడిగారు. "ఏమో. గట్ల ఎట్ల చెప్తరు" అన్నాడు. మూడోసారి చెమట పట్టింది. "మీరు పాత ఆర్టిస్టు కదా సార్, ఏమైంది" అని మైకు అమ్మాయి నవ్వింది. ఆయన తల దించుకున్నాడు.

అప్పుడు నా వైపు తిరిగి అడిగింది. "టీవీలో ఇంకో అమ్మాయి కోసం ఏడ్చిన మనిషిని మీరెలా నమ్మారు మేడం?"

నేను రెండు లెక్కపెట్టాను. "వడ్ల బస్తాల పక్కన నిలబడి వాళ్లమ్మ గురించి చెప్పారు. ఆ క్షణం నమ్మాను. ఆ తర్వాత ఒక్కరోజు కూడా అనుమానపడలేదు" అన్నాను, పత్రికలో రాసినట్టు, ఒక్క అక్షరం తడబడకుండా. చివరి మాట దగ్గర కళ్లలో నీళ్లు తిరిగి చెంప మీదికి జారాయి. మైకు అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఒక్కసారికే ఓకే అయింది. పక్కన ఆయన కదలకుండా నన్నే చూస్తున్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక మంచం మళ్లీ దాని జాగాలో పెట్టాలి. ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం. ఎత్తకముందే ఆయన అడిగాడు.

"గా ఏడుపు యాడికెళ్లి వచ్చింది నీకు?"

దాచాలనిపించలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి లెక్కపెట్టకుండా మాట్లాడాను. "నిజంగనే గట్ల నమ్మి ఉంటే ఎంత మంచిగుండునో అనుకున్న. నమ్మలేదు గదా ఇన్నేండ్లు, గదంత పోయింది గదా అనుకున్న. గందుకే ఏడుపొచ్చింది."

ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. నేను రోగుల ముఖాలు చూసినట్టే చూశాడు.

"గిది గూడ మంచిగనే చెప్పినవ్" అని, తన వైపు మంచం ఎత్తాడు.