మొగ దగ్గర వదిలిన బెండు

నా చిన్నప్పుడు మా ఊరి పడవలు సముద్రంలోకి వెళ్ళాలంటే ఏటి మొగ దాటాలి. ఏరు సముద్రంలో కలిసే ఆ చోట ఇసుక దిబ్బలు ఇవాళ ఒక దగ్గరుంటే రేపు ఇంకో దగ్గర ఉంటాయి. అందుకని మా తాత రోజూ తెల్లారగానే వలకు కట్టే పాత బెండు ఒకటి తీసుకుని, దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టి నీళ్ళలో వదిలేవాడు. అది తిన్నగా పోతే తువ్వాలు ఊపేవాడు, పడవలు కదిలేవి. పక్కకు లాగేస్తే దారిలో దిబ్బ ఉన్నట్టు, ఆ పూట ఎవరూ కదిలేవారు కాదు. "ముందు పేణం లేనిదాన్ని పంపాల, ఆనక పేణమున్నోడు ఎల్లాల" అనేవాడు.

ఈ ఏడాది మా మనవరాలు ఫోనులో రాకెట్ ప్రయోగం ఒక్కటీ వదలడం లేదు. చంద్రుడి మీదికీ, ఇంకా అవతలికీ మనిషి లేకుండా ఉత్త యంత్రాలను పంపుతున్నారని చూపిస్తుంటే, ఇంత చదివినవాళ్ళూ మా తాత పద్ధతే పట్టారని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

తాత కళ్ళకు అప్పటికే పొరలు కమ్మాయి. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. బెండు వదిలి, ఎటు పోయిందని మెల్లగా నన్నే అడిగేవాడు. ఊరంతా తాత చూపు అనుకున్నది నా చూపే. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ గొప్ప కాస్త తలకెక్కింది కూడా.

ఒకరోజు ఎర్రపీతల వెంట పడి బెండు సంగతే మరిచాను. "ఎటెల్లిందే?" అని తాత అడిగేసరికి తలెత్తి చూస్తే ఎర్రగుడ్డ ఎక్కడా లేదు. చూడలేదంటే తిడతాడని కాదు, ఆయన తిట్టే మనిషి కాదు. నా పెద్దరికం పోతుందని భయం. "తిన్నగా ఎల్లింది తాతా" అన్నాను.

తాత తువ్వాలు ఊపాడు. ముందు కదిలిన మా చిన్నాన్న పడవ దిబ్బకు కొట్టుకుని తిరగబడింది. అందరూ బతికి ఒడ్డున పడ్డారు గానీ పడవ పనికిరాకుండా పోయింది, దాని కింద నలిగిన చిన్నాన్న కాలు మళ్ళీ తిన్నగా కాలేదు.

"తప్పు నాదే. నాకు కళ్ళు అవుపడవు, సెప్పకుండా దాసినాను" అన్నాడు తాత అందరి ముందూ. నా పేరు ఎత్తలేదు. ఇంటికొస్తూ మాత్రం ఒక్కసారి అడిగాడు, "నిజంగా సూసినావేటే అమ్మీ?" అని. సూసినానన్నాను. సరేలే అని నా తల నిమిరాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకూ తెలిసింది.

మర్నాటి నుంచి బెండు ఇంకొకరు వదిలేవారు. తాత ఇంటి వెనక, సముద్రానికి వీపు పెట్టి, తడుముకుంటూ వలలు బాగుచేసేవాడు. పోయేదాకా ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చెప్పేద్దామని ఎన్నిసార్లు పక్కన కూర్చుని లేచి వచ్చేశానో.

మొన్న చంద్రుడి మీద దిగబోయిన యంత్రం ఒకటి ఆఖరి నిమిషంలో మూగబోయింది. దాన్ని పంపినాయన, అంతమంది చూస్తుండగా, మాకేమీ కనబడటం లేదు, ఏమైందో తెలియదు అని చెప్పేశాడు. మనవరాలు అయ్యో అంది. నేను ఆయన ముఖమే చూస్తూ ఉండిపోయాను. ఎంత తేలిగ్గా అనేశాడు.

ఇప్పుడు ఎవరేమడిగినా, పొయ్యి మీద పాలు పొంగాయా అన్నా సరే, చూడనిది చూడలేదనే చెబుతాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. ఆ మాట చెప్పవలసిన ఒక్క మనిషికి మాత్రం చెప్పనేలేదు.