నర్సింహులు చూడకుండా ఇచ్చిన బిళ్ల

పటాన్‌చెరులోని పంపుల ఫ్యాక్టరీలో, టూల్‌రూమ్ కిటికీ వెనుక నర్సింహులు పదహారేళ్లు నిలబడ్డాడు. పనివాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తే దాన్ని మేకుకు తగిలించి పనిముట్టు ఇచ్చేవాడు. సాయంత్రం ఆ పనిముట్టు తిరిగొచ్చాక వెలుతురుకు పట్టి, అంచు తడిమి, కొలత సరిచూసి, అప్పుడే బిళ్ల వెనక్కి ఇచ్చేవాడు. చూడకుండా ఇచ్చేస్తే, తర్వాత బయటపడిన పగుళ్లన్నీ టూల్‌రూమ్ వాడి మీదికే వస్తాయి. "అన్నా, బస్సు పోతది, జల్దీ" అని వెనకనుంచి ఎవరెంత తొందరపెట్టినా ఆయన చెయ్యి వేగం మారేది కాదు.

బొంతపల్లి దగ్గర మూడెకరాల రైతు కొడుకు. ఇంటర్‌తో చదువు ఆగింది. 1986లో డిజైన్ సెక్షన్ నరసింహమూర్తిగారు రిటైరై రాజమండ్రి వెళ్లిపోతూ, ఒక ఇంగ్లీషు రచయిత నవలలు ఆరు తెచ్చి కిటికీ మీద పెట్టారు. "నీలాంటి స్టోర్‌కీపర్ ఒకడున్నాడయ్యా వీటిలో. తీరిగ్గా చూడు" అన్నారు.

నిజంగానే తీరిగ్గా చూశాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి నవల ముగించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇంగ్లండులో ఒక ఫ్యాక్టరీ ఊరు. యజమాని, మేనేజర్లు, వాళ్ల భార్యల కమిటీలు, విందులు. ఎవరినీ వదలకుండా రచయిత నవ్వుతాడు. ఆ నవ్వు నర్సింహులుకు నచ్చింది. తనకు నచ్చింది తన దగ్గరే దాచుకునే మనిషి కాదు. సంగారెడ్డిలో కంపెనీ బస్సు ఎక్కి, కంది దాటగానే కథ మొదలుపెట్టి ముత్తంగి వచ్చేసరికి ఆపేవాడు. అక్కడి మేనేజరు మా మేనేజరులాగే గొంతు సవరించుకునేవాడు. రుద్రారంలో ఎక్కేవాళ్లు ముందు జరిగింది పక్కవాళ్లను అడిగి తెలుసుకునేవాళ్లు. రచయిత పేరు ఎవరికీ నోరు తిరగక ఆయన "సాబు" అయిపోయాడు. పొద్దున్నే బస్సెక్కి "ఇయ్యాల సాబు ఏమంటున్నడే?" అని అడగడం అలవాటైంది.

మూడో నవలలో గొడుగులు అమ్మేవాడొకడు వస్తాడు. పెద్ద బంగళా తలుపు ముఖం మీద మూసేస్తే, గేటు దాకా పోయి ఒకసారి, గేటు దాటి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. ఎవరైనా పిలుస్తారేమోనని. బస్సు నడవలో రాడ్డు పట్టుకుని నర్సింహులు ఆ నడక నడిచి చూపించేవాడు. ఫిట్టర్ పెంటయ్యకు నవ్వి నవ్వి దగ్గొచ్చేది. అదే ఫ్యాక్టరీకి అదే బస్సులో వెళ్లే నేనూ నవ్వాను.

కానీ నర్సింహులు ప్రాణమంతా మొదటి నవలలోని స్టోర్‌కీపర్ మీదే. యజమాని కొడుకు పని నేర్చుకోవడానికి ఏడాదిపాటు ఫ్యాక్టరీకి వస్తాడు. స్టోర్‌కీపర్ అతనికి రోజూ టీ పోసి కార్ఖానా కబుర్లన్నీ చెబుతాడు. వెళ్లేరోజు, వారం రోజులు మెరుగుపెట్టిన ఒక స్పానర్ చేతికిస్తాడు. ఈ ఘట్టం చెప్పిన రోజు క్యాంటీన్ కౌసల్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తొమ్మిదేళ్లు చదివి, సాబు మీద ఒక వ్యాసం రాశాడు. సాబు అందరినీ చూసి నవ్వాడు, స్టోర్‌కీపర్ ముందు మాత్రం తల వంచాడు. నలభై పేజీల సారం ఇదే. హైదరాబాదు మాసపత్రిక ఒకటి రెండు భాగాలుగా వేస్తామంది. 1996 జనవరిలో మొదటి భాగం వచ్చింది. కౌసల్యమ్మ ఆ సంచికకు ప్లాస్టిక్ కవరు తొడిగి క్యాంటీన్‌లో అందరికీ చూపించింది. సంపాదకుడు మెచ్చుకుని, రెండో భాగానికి పనికొస్తుందని సాబు ఉత్తరాల సంపుటి పంపించాడు.

ఆ సంపుటి వచ్చాక బస్సులో మూడు రోజులు కథ లేదు.

నాలుగోనాడు పెంటయ్య ఆగలేకపోయాడు. "ఏందన్నా, సాబు లీవు పెట్టిండా?"

"లేదు పెంటయ్య. ఇంట్లనే ఉన్నడు" అన్నాడు నర్సింహులు. తర్వాత ఉత్తరాల్లో ఉన్నది చెప్పాడు. నవలలోని యజమాని కొడుకు సాబే, స్టోర్‌కీపర్ నిజంగా ఉన్న మనిషే. నవలల్లోని కబుర్లన్నీ ఆ స్టోర్‌కీపర్ టీ పోసి చెప్పినవే. మొదటి నవల అచ్చయ్యాక ఆ ముసలాయన ఆదివారం కోటు వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని సంతకం కోసం వచ్చాడు. సాబు పనిమనిషి చేత ఇంట్లో లేరని చెప్పించి, మేడమీద తెర పక్కన నిలబడి చూశాడు. ముసలాయన గేటు దగ్గర ఒకసారి, గేటు దాటి ఒకసారి వెనక్కి తిరిగాడు. చూడముచ్చటగా ఉంది, ఎక్కడైనా వాడుకుంటానని సాబు స్నేహితుడికి రాశాడు.



"అంటే గా గొడుగులాయన..." అని పెంటయ్య ఆగిపోయాడు.

"ఆయననే. నువ్వు నవ్వినవ్. నేను నడిచి సూపిచ్చిన."

"మనిషి ఎట్లుంటే మనకేందన్నా. కథలు మంచిగనే ఉండె గదా."

"మల్ల సదివిన పెంటయ్య. స్పానర్ ఇచ్చే కాడ గూడ ప్రేమ లేదు. ముసలాయన చేతులు వణుకుతుంటె సూసి సాబు నవ్వుతున్నడు. మొదటి సంది గట్లనే ఉన్నది. నేనే సూడకుండ బిళ్ల ఇచ్చేసిన."

"అంటే తొమ్మిదేండ్ల సంది మాకు లేనిది చెప్పినవా?" అని వెనక సీటునుంచి మొగులయ్య అడిగాడు. అతని గొంతులో ఎగతాళి లేదు, కోపమే ఉంది. నర్సింహులు తల ఊపి కిటికీ వైపు తిరిగాడు.

రెండో భాగం మార్చి మొదటి వారానికి అందాలి. ముందే రాసిపెట్టుకున్న కాగితాలు పంపితే పేరు నిలిచేది. పంపలేదు. తాను మోసపోయాననీ, తనను నమ్మినవాళ్లను మోసం చేశాననీ, తాను ఏ పేజీలో ఎలా పొరబడ్డాడో చూపిస్తూ కొత్తగా పదకొండు పేజీలు రాశాడు. ఉత్తరాల్లో ఎక్కడా ఆ స్టోర్‌కీపర్ అసలు పేరు లేదని, తెలిసినవాళ్లు రాయమని చివర అడిగాడు. నాకు చదివి వినిపించాకే పోస్టు చేశాడు.

ఏప్రిల్ సంచికలో ఆ పదకొండు పేజీలు లేవు. వ్యాసకర్త అనారోగ్యం వల్ల రెండో భాగం ప్రచురించలేకపోతున్నామని రెండు వరుసలు మాత్రం ఉన్నాయి. ఆ సంచిక బస్సులో చేతులు మారింది.

"జ్వరమా అన్నా?" అన్నాడు పెంటయ్య.

"గట్లనే రాసిండ్రు గదా" అన్నాడు నర్సింహులు. ఎవరూ నవ్వలేదు. మొగులయ్య లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

ముత్తంగి దగ్గర పడుతుండగా ముందు సీటునుంచి కౌసల్యమ్మ వెనక్కి తిరిగింది. చాలా రోజులుగా అడగాలనుకుంటున్నట్టుంది.

"గా ముసలాయన ఇంటికి పోయి పెండ్లాంకు ఏం చెప్పిండో, రాసిండా?"

"రాయలేదక్కా."

"నువ్వేమనుకుంటున్నవ్?"

నర్సింహులు కొంచెంసేపు ఆలోచించాడు. పనిముట్టును వెలుతురుకు పట్టి చూసేటప్పుడు ఆయన ముఖం అలాగే ఉండేది.

"సాబు ఇంట్ల లేడు, మల్ల ఆదివారం పోత అని చెప్పి ఉంటడు."