షామా పిట్టను విడిచిన రోజు

నా చిన్నప్పుడు భివండీలో మేముండే గల్లీకి నిద్ర ఉండేది కాదు. సాంచెలు, అంటే మరమగ్గాలు, ఎప్పుడూ నడుస్తూనే ఉండేవి. అలాంటి చోటికి మా తాతయ్య ఒక అడవి పిట్టను తెచ్చాడు. మా నాయనమ్మ మంచం పట్టి, మాటామంతీ తగ్గించిన రోజులవి. పెళ్ళికి ముందు తునికాకు కోయడానికి అడవికి పోయినప్పుడు విన్న పాటనే ఆమె కలవరించేది. అది షామా పిట్ట పాటేనని బజారులో పిట్టలమ్మే మనిషి చెప్పాడట.

నల్లటి ఒళ్ళు, ఇటుక రంగు పొట్ట, పొడుగాటి తోక. తాతయ్య ముచ్చటపడి పంజరాన్ని కిటికీలో, ఎండ తగిలే చోట వేలాడదీశాడు. అది నోరు విప్పలేదు. నాయనమ్మకు సంతోషం మాట అటుంచి కోపం వచ్చింది.

"గది కండ్లవడే పిట్ట గాదు. వాగు పొంటి బొంగు పొదలల్ల నీడకుంటది. పొద్దుగూకితె పాట ఇనవడుడే గాని పిట్ట అగుపడది," అంది.

నా చేత పంజరాన్ని లోపలికి తెప్పించి, తడిపిన పాత చీర కప్పించింది. ఒక సాయంత్రం కరెంటు పోయి సాంచెలన్నీ ఆగినప్పుడు ఆ చీర కింద నుంచి పాట వచ్చింది. నాయనమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఆ పాట ఎలా ఉందో చెప్పడం నా వల్ల కాదు. ఆమె ముఖం మాత్రం గుర్తుంది.

పోయేముందు ఆమె అడిగింది ఒక్కటే, తన తర్వాత దాన్ని విడిచిపెట్టమని. ఎక్కడ అని చెప్పలేదు. మనుషులకు ఆ మాత్రం తెలుస్తుందనుకుంది, పిచ్చిది.

ఆమె పోయాక, పిట్టకు, అంటే కాకికి, పెట్టే రోజున అందరం వరాలా తలావ్ అనే చెరువు గట్టుకు వెళ్ళాం. ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూడాలి. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. కాకులు గోడల మీద, తీగల మీద గుంపుగా చేరాయి గానీ ఒక్కటీ దిగలేదు. ఎండ ముదిరింది. అప్పుడు తాతయ్యకు షామా గుర్తొచ్చింది. నన్ను పరుగున ఇంటికి పంపి పంజరం తెప్పించాడు.

"నీ మాట నిలవెడుతున్ననే," అని నాయనమ్మతో చెప్పుకుని, కళ్ళు తుడుచుకుని తలుపు తీశాడు.

అది వెంటనే రాలేదు. తాతయ్య పంజరాన్ని తట్టాడు. బయటికి వచ్చి, దాక్కోవడానికి పొద కోసం అటూ ఇటూ చూసింది. అక్కడ సిమెంటు గట్టు, చెత్త, ఎండ తప్ప ఏమీ లేవు. కాకులు ఒక్కసారిగా దిగాయి. తాతయ్య కండువా విసురుతూ పరుగెత్తాడు. ఆయన చేరేసరికే అంతా అయిపోయింది.

ఆ తర్వాత కాకులు విస్తరి ముట్టాయి. ముసలమ్మ తృప్తి పడిందని చుట్టాలంతా చేతులు జోడించారు. తాతయ్య జోడించలేదు. గట్టు మీద కూలబడి, నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

"తలుపు తీసుడే సూసిన బిడ్డా. ఏడ తీస్తున్ననో సూడలే," అన్నాడు.

ఆ రోజు ఆయన అన్నం తినలేదు. నాకు ఆయన మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. మా గదుల్లో అద్దెకున్నవాళ్ళు గానీ, మా సాంచెల మీద పనిచేసేవాళ్ళు గానీ పోతామంటే, మీ ఇష్టం పొండి అనడం నాకు చేతకాదు. ఎక్కడికి, అక్కడ ఎవరున్నారు, తలదాచుకోవడానికి ఏముంది అని వెంటపడి అడుగుతాను. చాదస్తమని మా పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ. జవాబు వినేదాకా నేను గుమ్మం దగ్గర నుంచి జరగను.