ఖాళీ చెంబు

అడవి రోడ్ల ఆఫీసులో ఓ ఇంజనీరుగారికి ఉన్న జబ్బు ఒక్కటే. చేతిలో ఖాళీ చెంబు లేనిదే అడవిలో అడుగు పెట్టరు. చెంబు పట్టుకుని చెట్లలోకి వెళ్ళే మనిషిని చూస్తే ఎవరికైనా వచ్చే అనుమానమే కొత్తగా చేరినవాళ్ళకీ వచ్చేది. మర్యాదగా తల తిప్పుకునేవాళ్ళు. చెంబులో చుక్క నీళ్ళు లేవని తెలిశాక ఏమనుకోవాలో తోచేది కాదు.

ఆయన చేసేది ఇంతే. దారిలో కనిపించిన ఇళ్ళలో నీళ్ళు అడిగి నింపుకుంటారు. రోడ్డు పడబోయే చోట ఆ నీళ్ళు నేల మీద పోసి, ఎటు పారతాయో గొంతుక్కూర్చుని చూస్తారు. లేచి, "నీళ్ళు ఒప్పుకోలేదు" అంటారు. అంతటితో నక్షా మళ్ళీ మొదటికొస్తుంది. ఆఫీసంతా ఆయన్ని చెంబుగారనేది. పాపం, ఆయనా ఆ పేరుకే పలికేవారు.

ఆ నక్షాలు గీసే ఆవిడకి పదకొండేళ్ళుగా గీయడం, చెరపడం, మళ్ళీ గీయడమే సరిపోయింది. ఓసారి ఉండబట్టలేక అడిగేసింది.

"ఆఫీసు కుళాయిలో నింపుకుని వెళ్ళొచ్చు కదా సార్. ఇంటింటికీ తిరిగి అడుక్కోవడం దేనికి?"

"ఆ నీళ్ళు పనికిరావమ్మా."

"నీళ్ళల్లో కూడా పనికొచ్చేవీ రానివీ ఉంటాయా?"

"ఉంటాయి" అని ఆయన ఫైల్లో తల దూర్చేశారు.

అన్నేళ్ళూ భరించిన మనిషి ఈ ఏడు భరించలేకపోయింది. కొండ మీద ఇరవై ఇళ్ళ ఊరొకటుంది. ఆవిడ చెల్లెలు అక్కడే, కడుపుతో ఉంది. మొదటి కాన్పప్పుడు వాగు పొంగి, ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమై బిడ్డ దక్కలేదు. ఇప్పుడు నెలలు నిండేదీ వానల్లోనే. ఆలోగా రోడ్డు పడాలి. వాగు పక్కనే తిన్నగా పోయే చవక దారికి ఆఫీసు పైఅధికారి, పెద్దసారు, సరేనన్నారు. చెంబుగారి సంతకం ఒక్కటే మిగిలింది.

చెంబుగారు వెళ్ళొచ్చి, "నీళ్ళు ఒప్పుకోలేదు" అన్నారు.

ఆవిడ పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. "ఆ నీళ్ళని మీరే బతిమాలుకోండి సార్. మా చెల్లెలికి అంత టైం లేదు."

ఆయన ఆవిడ ముఖం వంక చూడలేకపోయారు. "గుట్ట మీదుగా గియ్యమ్మా. ఊరి అవతలి కొస దాకా" అన్నారు మెల్లగా.

ఆవిడ గీసింది. గీస్తున్నంతసేపూ ఆయన్నీ, ఆయన చెంబునీ మనసులో తనివితీరా తిట్టుకుంది.

ఖర్చు పెరిగిందని మండిపడి పెద్దసారు స్వయంగా అడవికి బయల్దేరారు. నక్షా పట్టుకుని ఆవిడా వెళ్ళింది. చెంబుగారు తిన్నటి దారి పడాల్సిన చోట నేల మీద చెంబెడు నీళ్ళు పోశారు. అవి ఎర్రమన్ను కలుపుకుని, పెద్దసారు కొత్త బూట్లని పలకరించి, వాగులోకి దిగాయి.

"చెంబెడు నీళ్ళకే ఇంత బురద సార్. వానలొస్తే రోడ్డు రోడ్డంతా వాగులో ఉంటుంది. కింది జనం తాగేది ఆ నీళ్ళే. మనం ఏటా ఈ రోడ్డు మళ్ళీ వేసుకుంటూ కూర్చోవాలి."

"గుట్ట మీద దూరం ఎక్కువ కదయ్యా. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేను?"

"వెడల్పు తగ్గిద్దాం. ఒక్క బండి పడితే చాలు, ఎదురొస్తే తప్పుకోవడానికి అక్కడక్కడ చోటుంచుదాం. పైనుంచి చుట్టి వెళ్తే వాగు దాటే పనే లేదు, రెండు కల్వర్టులు మిగులుతాయి. చెట్లూ తక్కువే పోతాయి."

పెద్దసారు కాసేపు బూట్ల వంక చూసుకున్నారు, కాసేపు లెక్క చూసుకున్నారు. "ఇంకో చెంబు పొయ్యనంటే సంతకం పెడతాను" అన్నారు.

వానలకి నాలుగు రోజుల ముందు రోడ్డు పూర్తయింది. చెల్లెలికి నొప్పులొచ్చిన రోజు వాగు నిండా పొంగింది. జీపు మాత్రం గుట్ట మీదుగా వచ్చి గుమ్మం ముందే ఆగింది.

పొత్తిళ్ళలో పాపని చూడ్డానికి వెళ్ళిన అక్కతో చెల్లెలు అంది, "మీ ఆఫీసాయన మూడుసార్లు వచ్చాడక్కా, మంచినీళ్ళు పొయ్యమ్మా అంటూ. నెలలెన్ని అని అడిగాడు. మొదటి కాన్పు సంగతి చెప్పాను. తిన్నటి రోడ్డు ఊరి మొదట్లోనే ఆగిపోతుందమ్మా, నీ ఇంటికీ దానికీ మధ్య వాగుంది కదా అన్నాడు. నేను నీ చెల్లెల్నని చెప్పనేలేదు. పక్కింటి ముసలమ్మ మోకాళ్ళ నొప్పులు కూడా ఆయనకి తెలుసు."

చెల్లెలు వాగు అవతల కొత్త ఇల్లు కట్టుకున్నాక అక్క అక్కడికి రావడం అదే మొదలు. కిటికీలోంచి వాగు వంక చూసింది. పదకొండేళ్ళ తిట్లు గుర్తొచ్చి ఆవిడకి సిగ్గేసింది.

మర్నాడు చెంబుగారు ఇంకో కొండకి బయల్దేరుతున్నారు. కొత్త గుమాస్తా ఆయనకి శ్రమ తప్పిద్దామని చెంబు తీసుకెళ్ళి కుళాయి దగ్గర నిండుగా పట్టుకొచ్చాడు. ఆవిడ లేచి, చెంబు అందుకుని, కిటికీలోంచి ఆ నీళ్ళన్నీ పారబోసి, పమిటతో తుడిచి ఆయన చేతికిచ్చింది.

గుమాస్తా తెల్లబోయాడు. "అదేంటండీ, మంచినీళ్ళే కదా?"

"ఆ నీళ్ళు పనికిరావు" అని ఆవిడ పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది.